చూడనిదానికి సాక్ష్యమా?

ఒకనాడు అసర్ నమాజు ముగించి మేము మదరసాకు వస్తుండగా మా వీధివాసి ఒకరు ఒక కాగితం తెచ్చి సంతకం కోరారు. పొరుగింట్లో కారం గిర్ని నడుస్తోందనీ, ఘాటుకు తోడు అర్ధరాత్రి దాటినా మోత ఆగదనీ, దానిని మూయించాలనీ అందులో ఉంది. "మౌలానా సాబ్, మీ సంతకం ఉంటే కోర్టు నమ్ముతుంది" అన్నారు. దగ్గుతో నిద్రపోని పసిబిడ్డ తండ్రి ఆయన. ఆ బాధ మాకు అర్థమైంది. కానీ అర్ధరాత్రి ఆ గిర్ని తిరగడం మేము చూడలేదు. సంతకం చేయలేదు. బదులుగా రుజువుల సంగతి ఆయనతో మాట్లాడాము.

ఆరోపించినవారే నిరూపించాలన్నది ఫిఖ్హ్ విద్యార్థులకు మేము బోధించే సూత్రం. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 104వ సెక్షన్ చెప్పేదీ అదే. 55వ సెక్షన్ ప్రకారం చూసిన సంగతిని చూసినవారే, విన్న శబ్దాన్ని విన్నవారే చెప్పాలి.

మొదట తేల్చవలసింది నియమం. ఇంట్లో పని చేసుకోవడమే నేరం కాదు. ఒక తల్లి కుట్టుమిషన్‌తో బిడ్డలను పోషించుకోవడం వేరు, నివాసానికి అనుమతి పొందిన ఇంటిని మిల్లుగా మార్చడం వేరు. ఆ ఇంటికి మంజూరైన ప్లాన్, ఆ ప్రాంతపు భూవినియోగం, ట్రేడ్ లైసెన్సు వివరాలను సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో మున్సిపాలిటీని అడగవచ్చు. జవాబుకు సాధారణ గడువు 30 రోజులు. ధృవీకరించిన నకళ్లనే కోర్టుకు ఇవ్వాలి.

తర్వాత తేల్చవలసింది వాస్తవం. ఏ రోజు, ఏ వేళ, ఎంతసేపు అన్నది అప్పటికప్పుడు రాసిపెట్టుకోవాలి. నివాస ప్రాంతంలో శబ్ద పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45. దానిని అధికారులచేత కొలిపించడం మేలు. వీడియోను మన గుమ్మంలో నిలబడి తీయాలి. పరాయి ఇంటి లోపలికి కెమెరా తిప్పరాదు. దాని నకలును దాఖలు చేసేటప్పుడు 63వ సెక్షన్ కోరే ధృవపత్రం జతచేయాలి, అసలు ఫైలును చెరపకూడదు. సివిల్ దావాలో స్థల పరిశీలనకు కమిషనర్‌ను నియమించమని కోర్టును కోరవచ్చు. దావాలో ఎవరి మాట ఎక్కువ సంభావ్యమో న్యాయమూర్తి తూచి చూస్తారు. మున్సిపాలిటీ నేరంగా కేసు నడిపితే మాత్రం సహేతుకమైన సందేహానికి తావులేకుండా రుజువు కావాలి.

ఆయన రెండు వారాలు డైరీ రాశారు. కారపు ఘాటు నిజమేనని తేలింది. గిర్ని మాత్రం రాత్రి తొమ్మిదికే ఆగుతోంది. అర్ధరాత్రి మోత వెనుకింటి నీటి మోటారుది. ఆనాటి కాగితంలో సగం నిజం, సగం అబద్ధం. మేము సంతకం చేసివుంటే ఆ అబద్ధానికీ సాక్షులమయ్యేవాళ్లం. కోర్టులో ఆ సగం బయటపడితే నిజమైన సగాన్నీ ఎవరూ నమ్మేవారు కాదు.

ఆయన ఆ డైరీ పట్టుకొని ముందుగా గిర్ని ఇంటివారి తలుపు తట్టారు. కోర్టు తలుపు ఎప్పుడైనా తట్టవచ్చు.