లేని లోపము – తీరని దిగులు

యౌవనమునందు రూపమునుగూర్చిన చింత సహజము. మొగమున మొటిమ లేచినపుడు నాలుగు దినములు దిగులు పడని ఆడపిల్ల యుండదు. మొటిమ తగ్గినచో దిగులును తగ్గును. కాని కొందరి విషయమున అట్లు జరుగదు. ముక్కు వంకరగా నున్నదనియో, చర్మముపై గుంటలున్నవనియో, నుదుటికడ వెండ్రుకలు పలుచబడినవనియో, దవడ ఒకప్రక్కకు ఒరిగినదనియో వారు నిశ్చయించుకొందురు. ఎదుటివారికి ఆ లోపము కనబడదు. కనబడినను లెక్కింపదగినంత యుండదు. అయినను ఆ పిల్ల దినమునకు మూడు మొదలు ఎనిమిది గంటలవరకు అదే తలంపుతో గడుపవచ్చును. పుస్తకము తెరచియే యుండును. పుట మాత్రము మారదు. వైద్యులు ఈ స్థితిని బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అందురు. సౌలభ్యమునకై ఈ వ్యాసమున మేము దానిని కురూపభ్రాంతి యని వ్యవహరింతుము.

కుమార్తెలను విశ్వవిద్యాలయములకు పంపిన తలిదండ్రులు దీనినిగూర్చి తెలిసికొనుట మిక్కిలి అవసరము. ఏలయన ఈ వ్యాధి ఒకచో సోకువలెను, ఒకచో సోమరితనమువలెను, మరియొకచో పెండ్లినిగూర్చిన బెంగవలెను కనబడి ఇంటివారిని మోసగించును.

ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. 1891లో ఇటలీ దేశపు మానసిక వైద్యుడు ఎన్రికో మోర్సెల్లి దీనిని వర్ణించి, గ్రీకు మాటలనుండి డిస్మార్ఫోఫోబియా యను పేరు కల్పించెను. కురూపభయమని దాని అర్థము. భోజనము చేయుచుండగా, చదువుకొనుచుండగా, నలుగురితో మాటలాడుచుండగా హఠాత్తుగా తమ రూపము చెడినదను భయము ఆవహించి బాధపడు రోగులను ఆయన వర్ణించెను. నాటికి సినిమాలు లేవు, చేతిలో ఫోనులు లేవు. కావున నేటి ఫోనులే దీనిని సృష్టించినవనుట సరికాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘమువారు 1987లో దీనిని ప్రత్యేక వ్యాధిగా తమ పట్టికలో చేర్చిరి. 2013లో దీనిని ఓ.సి.డి. వర్గమునకు, అనగా కడిగిన చేతులనే కడుగుట, వేసిన తాళమునే మరల మరల చూచుట మొదలైన వ్యాధుల వర్గమునకు మార్చిరి. ఈ మార్పు మనకు ఒక ముఖ్యవిషయమును బోధించుచున్నది. కడిగినవే కడుగువాని చేతులకు మురికి లేదు. అట్లే ఈ పిల్ల మొగమునకు కురూపము లేదు. మనస్సును వదలని సందేహము, దానిని తీర్చుకొనుటకు మరల మరల చేయు పని – ఈ రెండును కలిసినదే ఈ వ్యాధి.

పెక్కు పరిశీలనలను క్రోడీకరించి 2016లో ప్రకటించిన లెక్కను బట్టి పెద్దవారిలో నూటికి సుమారు ఇద్దరికి, విద్యార్థులలో నూటికి ముగ్గురికి పైగా ఇది కలదు. యువకులకును వచ్చును గాని యువతులలో కొంచెము అధికము. సాధారణముగా ఇది 12, 13 ఏండ్ల ప్రాయముననే తల ఎత్తును. రోగులలో మూడింట రెండు వంతులమందికి 18 ఏండ్లు నిండకమునుపే మొదలగును. అనగా విశ్వవిద్యాలయమున చేరునాటికే పెక్కుమంది దీనిని కొన్ని ఏండ్లుగా దాచుకొని యుందురు. ఇంట తలుపు మూసికొని అద్దము ముందు నిలుచుటకు వీలు కలదు. హాస్టలులో నలుగురికి ఒకే గది, ఒకే అద్దము. తరగతిలో లేచి అందరి ఎదుట ప్రసంగింపవలెను. ప్రయోగశాలలో ప్రకాశవంతమైన దీపముల క్రింద నిలువవలెను. ఉద్యోగపు ఇంటర్వ్యూకు ఛాయాచిత్రము పంపవలెను. ఇన్నాళ్లు దాచిన బాధ అప్పుడు చదువునకు అడ్డు వచ్చును. ఉదయపు తరగతులు తప్పును. తుదకు పరీక్షలు తప్పును.

ఉన్నది ఉన్నట్లు ఆ పిల్లకు ఏల కనబడదు? మనము ఒక మొగమును చూచునపుడు మొదట సమగ్రముగా చూతుము; పిమ్మటనే కన్ను, ముక్కు, చెంప వేరువేరుగా తోచును. అమెరికాలో లాస్ ఏంజిలీసునందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున జేమీ ఫ్యూస్నర్, ఆయన సహచరులు ఈ వ్యాధి గలవారికి ఇతరుల మొగముల చిత్రములను చూపి, ఆ సమయమున మెదడు పనిచేయు తీరును యంత్రముతో పరీక్షించిరి. సూక్ష్మవివరములను ఏరుకొను పద్ధతి వారిలో అధికముగా కనబడినదని 2007లో ప్రకటించిరి. పరీక్షకు వచ్చినవారు కొద్దిమందియే యైనను, రోగులు చెప్పు అనుభవముతో ఇది సరిపోవుచున్నది. ముగ్గును చూడక చుక్కలనే చూచుచున్నట్లు వారు తమ మొగమును చూతురు. అద్దమునకు జానెడు దూరమున నిలిచి ఒక్క చుక్కనే అరగంట చూచినచో ఎవరికైనను అది పెద్దదిగానే తోచును.

ఫోను కెమెరా ఈ పొరపాటును పెంచును. ఒక అడుగు దూరమునుండి తీసికొన్న చిత్రములో ముక్కు, అయిదడుగుల దూరమునుండి తీసినదానికంటె సుమారు 30 శాతము వెడల్పుగా కనబడునని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టి చూపిరి. ఎదుటివారు మనలను అడుగు దూరమునుండి చూడరు కదా!

ఇక ఇంటివారు సదుద్దేశముతో చేయు మూడు పొరపాటులను చెప్పెదము. మొదటిది మందలింపు. “అందము కొరుక్కుతిందువా? చదువు చూచుకొనుము” అందురు. ఆ పిల్ల ఇదివరకే సిగ్గుతో కుంగియున్నది. మందలించినచో బాధ పోదు. బాధను చెప్పుకొనుట మాత్రము మానును.

రెండవది ఊరడింపు. “నీకేమమ్మా, చక్కగా ఉన్నావు” అని తల్లి అనును. కాకిపిల్ల కాకికి ముద్దు అని బిడ్డ తలచును. ఒకవేళ నమ్మినను ఆ నెమ్మది కొన్ని నిమిషములే నిలుచును. మరల అడుగును, మరల చెప్పవలెను. దురదను గోకినచో క్షణకాలము హాయిగానుండి పిమ్మట దురద హెచ్చును కదా, ఇదియు అట్టిదే.

మూడవది లేపనములు, శస్త్రచికిత్స. మేని ఛాయకు పెండ్లి ప్రకటనలలో వెలకట్టు అలవాటు మనకు కలదు. 1975లో మన దేశపు అంగడులలోనికి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోని ‘ఫెయిర్’ అను మాట 2020లో తొలగిపోయినను, చామనచాయ పిల్లను చూచి పెదవి విరుచుట తొలగిపోలేదు. చుట్టముల పెదవి విరుపు ఈ భయమునకు ఒక ఆకారమును ఈయగలదు. అంతమాత్రమున ఛాయనుగూర్చి నొచ్చుకొను ప్రతి పిల్లయు రోగి కాదు; అచ్చట తప్పు సంఘమునది. కాని రోగమున్నచోట లేపనముచేత నెమ్మది రాదు. శస్త్రచికిత్స సైతము తృప్తి నిచ్చుట అరుదు. ముక్కును దిద్దించుకొన్న పిమ్మట చింత గడ్డముపైకి మారును.

సహజమైన చింతకు, వ్యాధికి భేదమును గుర్తించుట ఎట్లు? దినమునకు గంటకు మించి ఈ తలంపులలో పోవుచున్నదా? అద్దమును విడువలేకుండుట, లేదా అద్దములన్నింటికి తొలగి తిరుగుట కలదా? ఎండకాలమునందును మొగమునకు ఓణీ చుట్టుకొనుట, చర్మమును గిల్లుట, అడిగినదే అడుగుట కలవా? తరగతులు, పెండ్లిండ్లు, స్నేహితురాండ్రు దూరమగుచున్నారా? ఇట్టివి కలవన్నచో మానసిక వైద్యుని చూడవలెను. లావునుగూర్చిన భయముతో ఆహారము మానుట వేరొక వ్యాధి. దానికిని వైద్యము అవసరమే.

చికిత్సలు రెండు. ఒకటి, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ యను మాటల చికిత్స. వైద్యుడు ముక్కు బాగున్నదా లేదా యని వాదింపడు. బాధపెట్టునది ముక్కా, ముక్కునుగూర్చిన తలంపా యని ఆ పిల్లయే పరీక్షించి చూచునట్లు చేయును. పిమ్మట సులభమైన పనితో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా ముందుకు నడుపును. మొదట ఓణీ చుట్టుకొనక గ్రంథాలయమునకు, తరువాత తరగతి ముందువరుసకు, ఆ తరువాత పెండ్లికి. ప్రతి మెట్టువద్దను అద్దమునకై కలిగిన తొందరను అణచుకొనవలెను. భయము దానంతట అది తగ్గుటను గమనింపవలెను. రెండవది సెరటోనిన్‌పై పనిచేయు మందులు. వీని ఫలితము తెలియుటకు సుమారు మూడు నెలలు పట్టవచ్చును. మధ్యలో మనంతట మనము మానరాదు. 2005లో బ్రిటన్ ప్రభుత్వ వైద్యసూచనలును ఈ రెంటినే చెప్పినవి.

ఆలస్యము ప్రమాదకరము. ఈ వ్యాధి గలవారిలో ఆత్మహత్యను తలపెట్టువారు ఎక్కువ. అట్టి మాట ఒక్కటి వినబడినను తేలికగా తీసికొనవలదు. ఆ పిల్లను ఒంటరిగా విడువక వెంటనే వైద్యునివద్దకు కొనిపోవలెను. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలి మానస్‌కు 14416 నంబరున రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగునను మాటలాడుదురు.

సెలవులకు వచ్చిన కుమార్తె “అమ్మా, నా మొగము ఎట్లున్నది?” అని పదవమారు అడిగినపుడు బాగున్నదనియు, బాగులేదనియు చెప్పక, “ఈ ప్రశ్న నిన్ను ఎంత బాధపెట్టుచున్నదో నాకు తెలియుచున్నది తల్లీ. దానినిగూర్చి వైద్యునితో మాటలాడుదము, నేనును వచ్చెదను” అని చెప్పుడు. చిరకాలముగా దాచుకొన్న బాధను ఆ పిల్ల మొదటిసారి నోరు విప్పి చెప్పుటకు ఆ మాట అవకాశము కల్పించును.