వార్తల్లో పదం: లైమ్ వ్యాధి

ఎండలు ముదిరే వేళకు అమెరికా ఈశాన్య రాష్ట్రాల వార్తల్లో ఏటా వినపడే పేరిది. కనెక్టికట్‌లోని లైమ్ పరిసరాల్లో 1975 ప్రాంతంలో పిల్లలకు వరసగా కీళ్లు వాయడంతో ఆరా మొదలైంది. పిడుదుల్లో ఉండే బొరీలియా బ్యాక్టీరియాయే కారణమని 1980ల తొలినాళ్లలో విల్లీ బర్గ్‌డోర్ఫర్ పరిశోధనతో తేలింది.

అక్కడ దీన్ని ఎక్కువగా అంటించేది నల్లకాళ్ల పిడుదు పిల్ల. గసగసాల గింజంత ఉంటుంది, కరిచినా నొప్పి తెలియదు. చంకలో, మోకాలి వెనక, జుట్టులో దాక్కుంటుంది. మామూలుగా 24 గంటలకు పైగా అంటిపెట్టుకుంటేనే బ్యాక్టీరియా ఒంట్లోకి ఎక్కుతుంది. ఈ వ్యవధే మనకు పెద్ద రక్ష. అందుకే న్యూజెర్సీలాంటి చోట్ల ఉన్న మనవాళ్లు పార్కుకో ట్రెకింగ్‌కో వెళ్లొచ్చిన రోజే పిల్లల ఒళ్లంతా వెతకాలి. కనిపిస్తే సన్నమొన పట్టకారును చర్మానికి ఆనించి, పురుగును పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. అగ్గిపుల్లతో కాల్చడం, వ్యాజలీన్ పూయడం వద్దే వద్దు.

పిడుదు కరిచాక 3 నుంచి 30 రోజుల్లోపు ఎర్రటి మచ్చ పెరుగుతూ పోయినా, మచ్చ లేకుండా జ్వరమొచ్చినా, డాక్టరుకు పిడుదు సంగతి తప్పక చెప్పండి. తొలిదశలో డాక్సీసైక్లిన్ లాంటి మందులతో చాలామందికి నయమవుతుంది. ఆలస్యమైతే మోకాళ్లు వాయొచ్చు, మూతి వంకరపోవచ్చు, గుండె లయ తప్పొచ్చు.