బెంజీను

సాంబ్రాణి నెఱుగని తెలుగు ఇల్లు అరుదు. పసిబిడ్డకు తలంటిన పిమ్మట నిప్పులపై చల్లి పొగవేయు ఆ పరిమళద్రవ్యము జావా, సుమత్రా దీవులలో పెరుగు ఒక చెట్టు కార్చెడి జిగురు. అరబ్బు వర్తకులు దానిని 'లుబాన్ జావీ', అనగా జావా ధూపము, అని పిలిచిరి. ఆ పేరు ఐరోపా వారి నాలుకలపై అరిగి అరిగి 'బెంజాయిన్' అయ్యెను. ఆ జిగురు నుండి తీసిన ఆమ్లము బెంజోయికామ్లము. ఆ ఆమ్లము నుండి తీసిన తేటద్రవము బెంజీను. మన ఇంటి ధూపమునకును, పెట్రోలు బంకు వాసనకును ఇట్టి చుట్టరికము కలదు.

అయితే బెంజీనును తొలుత కనుగొన్నది ఆమ్లము నుండి కాదు. పూర్వము లండను నగరమున చేపనూనెను కాచి, అందుండి వచ్చు వాయువును ఇనుప పాత్రలలో అదిమి నింపి, దీపముల కొఱకు ఇండ్లకు పంపుచుండిరి. ఆ పాత్రల అడుగున పలుచని ద్రవ మొకటి నిలుచుచుండెను. 1825లో మైకేల్ ఫారడే దానిని పలుమారులు స్వేదనము చేసి, చల్లార్చి గడ్డకట్టించి, అందుండి ఈ పదార్థమును వేరుపఱచెను. ఇందు కర్బనము, ఉదజని తప్ప మఱేమియు లేవని తేల్చెను. తరువాత 1833లో జర్మనీ శాస్త్రజ్ఞుడు మిట్షెర్లిఖ్ బెంజోయికామ్లమును సున్నముతో కలిపి కాచి అదే ద్రవమును పొందెను.

సాంబ్రాణి నుండి తీసినది లోకమునకు చాలునా? చాలదు. 1845లో హాఫ్మన్ అను ఆచార్యుడు బొగ్గుతారులో బెంజీను ఉన్నదని చూపెను. బొగ్గును గాలి సోకకుండ కాల్చినపుడు వచ్చు ఆ నల్లని తారు నాడు పనికిమాలినదని పాఱబోయబడుచుండెను. హాఫ్మన్ శిష్యుడు చార్లెస్ మాన్స్‌ఫీల్డ్ తారునుండి బెంజీనును విస్తారముగా తీయు పద్ధతిని 1849లో కనిపెట్టెను. 1855లో పారిసు ప్రదర్శనమునకు పంపుటకై అతడు బెంజీనును సిద్ధము చేయుచుండ, ఫిబ్రవరి 17వ తేదీన బట్టిలోని నాఫ్తా పొంగి నిప్పంటుకొనెను. ఇల్లు కాలిపోవునను భయమున అతడు మండుచున్న పాత్రను చేతులతో ఎత్తి వీధిలోనికి కొనిపోవ యత్నించెను. ఒడలు కాలిపోయెను. తొమ్మిది దినములు బాధపడి కన్నుమూసెను. అప్పటికి అతని వయస్సు ముప్పదియైదేండ్లు మాత్రమే.

ఆ మంటకు కారణము బెంజీను గుణములలోనే కలదు. ఇది రంగులేనిది, కొంచెము తీయని వాసన గలది. నీటికంటె తేలిక, నీటిలో ఇంచుమించు కరుగదు. కావున బెంజీను మంటపై నీళ్లు పోసినచో అది నీటిపై తేలి మఱింత వ్యాపించును. 80 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. 5.5 డిగ్రీల వద్దనే గడ్డకట్టును. లంబసింగి వంటి మన్యపు ఊళ్లలో చలి ముదిరిన రాత్రి ఆరుబయట ఉంచిన సీసాలోని బెంజీను మంచుగడ్డ వలె కాగలదు. అంత చలిలోను దాని ఆవిరి నిప్పురవ్వ తగిలినచో భగ్గుమనును. ఈ ఆవిరి గాలికంటె రెండున్నర రెట్లకు పైగా బరువైనది. అది పైకెగయక నేలబారుగా ప్రాకి, దూరమున నున్న దీపమును చేరి, వచ్చిన త్రోవనే మంటను వెనుకకు తెచ్చును. దాని మంట మసి వెదజల్లును. బరువునుబట్టి చూచినచో బెంజీను పదుమూడు పాళ్లలో పండ్రెండు పాళ్లు కర్బనమే గదా!

బెంజీను అణువులో ఆఱు కర్బన పరమాణువులు, ఆఱు ఉదజని పరమాణువులు గలవు. ఇది శాస్త్రజ్ఞులను చిక్కున పెట్టినది. ఆఱు కర్బనములు వరుసగా గొలుసుకట్టిన హెక్సేను అను ద్రవములో పదునాలుగు ఉదజనులుండును. ఇందు ఆఱే ఉన్నవి. ఇంత లోటుగల పదార్థము ఇతర పరమాణువులను ఆబగా కలుపుకొనవలెను. బెంజీను అట్లు చేయదు. 1865లో కెకూలే ఈ చిక్కు విప్పెను. కర్బనములు గొలుసుగా గాక, ఒకదాని చేయి ఒకటి పట్టుకొని వలయముగా నిలిచినవని అతడు చెప్పెను. తన తోకను తానే కఱచుకొన్న పామును కలగంటినని 1890లో ఒక సభలో అతడే చెప్పుకొనెను. కల మాట ఎట్లున్నను, వలయము సత్యము. 1929లో కాథ్లీన్ లాన్స్‌డేల్ అను విదుషీమణి బెంజీను సంతతికి చెందిన స్ఫటికమును ఎక్సుకిరణములతో పరీక్షించి, ఆ వలయము సమతలమైన షడ్భుజియే అని నిరూపించెను.

ఈ వలయము నుండి పుట్టిన వస్తువులకు లెక్కలేదు. బెంజీనునుండి అనిలీను, దానినుండి రంగులు వచ్చినవి. 1897లో జర్మనీ నుండి కృత్రిమ నీలిమందు అంగడికి వచ్చిన పిదప, కడప, నెల్లూరు సీమల నీలిచేలకు గిరాకి పోయినది. నైలాను బట్టకు, బట్టలుతుకు పొడికి, ఫినాలుకు, అనేకములైన మందులకు మూలపదార్థము బెంజీనే. తేలికయైన తెల్లని ప్యాకింగు అట్టలు స్టైరీను నుండి, స్టైరీను బెంజీను నుండి వచ్చును. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నము చేరువ వెంకటాపురములో ట్యాంకునుండి వెడలి, నిద్రించుచున్న వారిపై ప్రాకి, పండ్రెండుగురి ప్రాణములు తీసినది ఆ స్టైరీను ఆవిరియే.

బెంజీను తన మట్టుకు తానును విషమే. ఇది నెమ్మదిగా పనిచేయును. స్వీడను దేశమున సైకిలు టైర్ల కర్మాగారమున బెంజీను ఆవిరిని పీల్చుచు పనిచేసిన యువతులు రక్తము క్షీణించి మరణించిన వృత్తాంతమును 1897లో సాంటెస్సన్ అను వైద్యుడు ప్రకటించెను. ఎముకల మూలుగలోనే రక్తకణములు పుట్టును. బెంజీను ఆ పుట్టుకను చెఱచును. రక్తపు కాన్సరునకు అది కారణమని నేడు నిస్సంశయముగా తెలిసినది. ఇంత తెలియక మునుపు జర్మనీలో కాఫీగింజల నుండి కెఫీనును తొలగించుటకు కూడ దీనినే వాడిరి! ఇప్పుడు మనదేశమున అమ్మెడి పెట్రోలులో బెంజీను నూటికి ఒక పాలు మించరాదని నియమము. ఆ ఒక పాలుకూడ తక్కువది కాదు. రబ్బరు గొట్టమును నోట పెట్టి బండిలోని పెట్రోలును పీల్చి తీయువారిని, నూనె మరకల చేతులను పెట్రోలుతో కడుగుకొను పనివారిని మీరును చూచియుందురు. అట్టి చోట చెప్పవలసినది మీరే. పెద్దలు వినరని ఊరకుండరాదు.

రంగులకు, జిగురులకు ద్రావణిగా బెంజీను చోట నేడు తరచుగా టోలుయీనును వాడుదురు. రెండును అన్నదమ్ములే. టోలుయీను వలయమునకు ఒక కర్బనము తోకవలె అంటియుండును. మన కాలేయము ఆ తోకను పట్టుకొని దానిని బెంజోయికామ్లముగా, అనగా సాంబ్రాణిలోని ఆమ్లముగానే మార్చి, మఱియొక పదార్థముతో జోడించి మూత్రమున వెలుపలికి పంపివేయును. టోలుయీను కూడ మత్తు కలిగించునదే, ఎక్కువైన హాని చేయునదే. కాని మూలుగను చెఱచు ఆ గుణము దానికి లేదు. బెంజీనుకు పట్టుకొనుటకు తోక లేదు. కాలేయము వలయము మీదనే చేయి వేయవలసి వచ్చును. అప్పుడు పుట్టెడి పదార్థములే మూలుగను చేరి చెఱుపు చేయునవి.