నల్లగుడ్డుకు కాపలా

మా రావికమతం వైపు తాంబూలం వేసుకునే పెద్దలున్న ఇంట సున్నం పొట్లం పసివాళ్ళ చేతికందే చోటనే వుంటుంది. అది చిట్లి కంట్లో పడితే?

నల్లగుడ్డు అంచున మూలకణాలున్నాయి. నల్లగుడ్డుపై తేటపొర అరిగినకొద్దీ కొత్తకణాలను పుట్టించేవి అవే. సున్నం వాటినే కాల్చివేస్తుంది.

మన దాదాపు ప్రతి కణంలోనూ వున్నది ఒకే గ్రంథం. అందులో ఏ పుట చదవాలో నిర్ణయించేవి ట్రాన్‌స్క్రిప్షన్ ఫాక్టర్లనే ప్రోటీనులు. కంటి పుటను చదివించేది పాక్స్-6. 1995లో గేరింగ్ అనే స్విస్ శాస్త్రజ్ఞుడి బృందం ఎలుక పాక్స్-6 జన్యువును పండ్ల ఈగ కాలిలో పనిచేయించగా, అక్కడ ఈగ కన్నే మొలిచింది! గర్భంలో కన్ను దిద్దిన ఆ ప్రోటీనే తరువాతా కాపలా కాస్తుంది. అది లోపిస్తే తేటపొర కణాలు చర్మకణాల పోలిక తెచ్చుకుంటాయని 2014లో తేలింది.

బాగున్న కంటి అంచునుంచి చిన్నముక్క తీసి, దెబ్బతిన్న కంట్లో నాటి, తేటపొరను తిరిగి పెంచే సులభ పద్ధతిని హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ డాక్టర్లు 2012లో ప్రకటించారు. కంటి పుట చదవనేర్చిన కణాలే ఆ ముక్కలోని మూలధనం. మరి రెండు కళ్ళూ కాలితే సొంతముక్క ఎక్కడిది?

కనుక సున్నాన్ని పిల్లలకు అందనీయకండి. పడిందా, చనుబాలూ పసర్లూ వద్దు. వెంటనే మంచినీళ్ళు ధారగా పోసి చాలాసేపు కడిగి, ఆస్పత్రికి పరుగెత్తండి.