మూత వేస్తే ఆగినట్టేనా?

పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళి, పిల్లల చదువుకనో ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగానికనో ల్యాప్‌టాప్ కొనుక్కొస్తున్నాం. పని మధ్యలో కుక్కర్ కూత వేస్తే మూత వేసి లేస్తాం. ఇక అది ఆగిపోయిందనే చాలామంది అనుకుంటాం. ఆగదండీ! మామూలుగా స్లీప్‌లోకి, అంటే కునుకులోకి వెళుతుంది, అంతే.

వంటింటి గట్టును తలుచుకోండి. తరిగిన కూర, నానబెట్టిన చింతపండు గట్టు మీదే ఉంచి, ఒక మనిషిని కాపలా పెట్టి వెళ్ళాం. తిరిగి రాగానే పొయ్యి వెలిగించడమే తరువాయి. ల్యాప్‌టాప్‌లో ఆ గట్టు పేరు ర్యామ్. కాపలా మనిషి బ్యాటరీ. అది పూర్తిగా అయిపోయిందా, సేవ్ చెయ్యని ఉత్తరాలూ లెక్కలూ తుడిచిపెట్టుకు పోతాయి.

హైబర్నేట్ అంటే గట్టు మీదవన్నీ అదే వరుసలో అలమరలో సర్ది తాళం వెయ్యడం. ఆ అలమరే డిస్కు. దానికి కాపలా అక్కర్లేదు. వారం తరవాత తెరిచినా వదిలిన అక్షరం దగ్గరే ఉంటాం. అయితే సర్దడానికీ తియ్యడానికీ కాస్త సమయం, అలమరలో చోటూ కావాలి. విండోస్‌లో 8 జీబీ ర్యామ్‌కు మామూలుగా సుమారు 3 జీబీ పడుతుంది.

పిల్లవాడికి అన్నం పెట్టి వచ్చేలోగా అయితే స్లీప్ చాలు. సికింద్రాబాద్‌లో సాయంత్రం బండెక్కి తెల్లారి విశాఖలో దిగే ఆడపిల్ల మాత్రం హైబర్నేట్ చేసుకోవాలనే నా అభిప్రాయం. ఈ కాలపు ల్యాప్‌టాప్‌లు చాలావాటిది సెల్‌ఫోన్ నిద్ర. కళ్ళు మూసుకునే మెయిళ్ళు చూసుకుంటాయి. గాలాడని సంచీలో వేడెక్కి, బ్యాటరీ తాగేస్తాయి. దిగీదిగగానే ఇంటర్వ్యూ ఉంటే ఆ పిల్ల గతేం కాను?

బ్యాటరీ అడుగంటితే తనంతట తానే హైబర్నేట్ అయ్యే ఏర్పాటు విండోస్‌లో ఉంది, నిజమే. కానీ ముసలి బ్యాటరీని నమ్మకూడదు. 20 శాతం చూపిస్తూనే ఉన్నట్టుండి ప్రాణం వదుల్తుంది, సర్దుకునే వ్యవధి ఇవ్వదు. యాపిల్ వారి మ్యాక్‌బుక్ కునుకు తీసేటప్పుడే ఒక నకలు డిస్కు మీద రాసుకుంటుంది గనుక వాళ్ళకీ బెంగ తక్కువ.

విండోస్‌లో హైబర్నేట్ చాలాసార్లు పైకి కనిపించదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’ నొక్కండి. అక్కడ పైన ‘ఛేంజ్ సెట్టింగ్స్’ అని మొదలయ్యే వరుస నొక్కాక, కింద హైబర్నేట్ గడిలో టిక్కు పెట్టి సేవ్ చెయ్యండి. మూత వేస్తే ఏం జరగాలో కూడా ఆ పేజీలోనే ఎంచుకోవచ్చు. ప్లగ్గులో ఉంటే స్లీప్, బ్యాటరీ మీద ఉంటే హైబర్నేట్ అని మా ఇంట్లో పెట్టుకున్నాం. సంచీలో పెట్టేముందు దీపం ఆరిందో లేదో మాత్రం చూస్తాం.