వర్చువల్ మెషీన్ నుంచి పట్టిక దత్తాంశం ఎగుమతి

వర్చువల్‌బాక్స్‌లో విండోస్ ఎక్స్‌పీ నడుపుతూ, ఎక్సెల్ 2003లో సర్వే పట్టిక తయారుచేశారనుకుందాం. 'సేవ్' నొక్కితే ఫైలు చేరేది ఆ మెషీన్ వర్చువల్ డిస్కులోకే. మీ అసలు కంప్యూటర్ ఫోల్డర్లలో అది కనిపించదు. పాత స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళితే ఆ తరువాత చేసిన పని పోతుంది. కాబట్టి గెస్ట్ అడిషన్స్ ఇన్‌స్టాల్ చేసి, షేర్డ్ ఫోల్డర్ ఏర్పాటు చేసుకొని, ఫైలును అందులోకి ఎగుమతి చేయండి. ఆ ఫోల్డర్ అసలు కంప్యూటర్‌లో ఉంటుంది గనుక స్నాప్‌షాట్ దాని జోలికి రాదు.

ఇక ఫైలు రూపం. చాలామంది అలవాటుగా సీఎస్‌వీ ఎంచుకుంటారు. అంకెలకైతే సరే. కాని ఎక్సెల్ 2003 సీఎస్‌వీలో యూనికోడ్ తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలైపోతాయి. ఆ ఫైలు నుంచి పేర్లను మళ్ళీ రాబట్టడం అసాధ్యం. తెలుగు ఉన్న పట్టికను 'యూనికోడ్ టెక్స్ట్'గా సేవ్ చేయండి. దాన్ని బయట తెరిచి, పేర్లన్నీ సరిచూసేదాకా మూల ఎక్స్ఎల్ఎస్ ఫైలును తొలగించవద్దు.