ఆ ట్యూను ఎవరిది గురూ?

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి.

కొన్నాళ్ల క్రితం ఒక పత్రికకి బ్రిటిష్ టీవీ హాస్యం గురించి వ్యాసం రాశాను. అందులో డేవ్ ఆలెన్ షో టైటిల్ మ్యూజిక్ రానీ హేజెల్‌హర్స్ట్‌దని రాసి పారేశాను. ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు! బీబీసీ కామెడీ అంటే హేజెల్‌హర్స్టే కదా. 'సమ్ మదర్స్ డూ ఆవ్ ఎమ్' ఆయనదే, 'లాస్ట్ ఆఫ్ ద సమ్మర్ వైన్' ఆయనదే, 'యెస్ మినిస్టర్' ఆయనదే. ఇదీ ఆయనదే అయ్యుంటుందిలే అనుకున్నాను. ఆ 'లే' దగ్గరే నా కొంప మునిగింది!

వ్యాసం అచ్చయిన వారానికి విజయవాడ నుంచి ఫోను. ఒక రిటైర్డు డాక్టరుగారు. 1970లలో ఇంగ్లండులో ఆసుపత్రి ఉద్యోగం చేసి వచ్చారట.

"బాబూ, ఆ ట్యూను హేజెల్‌హర్స్ట్‌దని మీకెవరు చెప్పారు?"

"అంటే... అనుకున్నానండీ."

"అనుకుని రాసేశారా! నేనూ అలా అనుకుని మందులు రాస్తే?"

నా దగ్గర జవాబు లేదు. పోనీ ఎవరిదో మీరే చెప్పండి అన్నాను. "నాకూ తెలీదు. యాభై ఏళ్లుగా బుర్రలో తిరుగుతూనే ఉంది. కనుక్కుని చెప్పండి" అని ఫోను పెట్టేశారు.

ఇదిగో, ఆ కనుక్కోవడం కథే ఈ వ్యాసం.

రెడీమేడ్ చొక్కాలు!

డేవ్ ఆలెన్ ఐర్లండు మనిషి. ఎత్తయిన కుర్చీ మీద కూర్చుని, చేతిలో గ్లాసు, వేళ్ల మధ్య సిగరెట్టు పెట్టుకుని, తీరిగ్గా కబుర్లు చెబుతూ జనాన్ని పడీపడీ నవ్వించేవాడు. 'డేవ్ ఆలెన్ ఎట్ లార్జ్' 1971 నుంచి 1979 దాకా బీబీసీలో నడిచింది. టైటిల్స్ మీద ఆర్గన్ మోగుతూ ఒక హుషారైన ట్యూను వస్తుంది. ఒకసారి వింటే వదలదు. కానీ దాన్ని కట్టింది ఎవరు?

ఇక్కడే నాకు లైబ్రరీ మ్యూజిక్ అనే మాట ఎదురైంది. మన సినిమాలకి రీరికార్డింగ్ ఎలా జరుగుతుందో మీకు తెలిసిందే. సంగీత దర్శకుడు సీను చూసి, దానికి తగ్గ సంగీతం కడతాడు. టైలరు కొలతలు తీసుకుని చొక్కా కుట్టినట్టన్నమాట. లైబ్రరీ మ్యూజిక్ రెడీమేడ్ చొక్కా. ముందు ట్యూను పుడుతుంది, సీను తర్వాతెప్పుడో వెతుక్కుంటూ వస్తుంది!

లండన్‌లో ఈ వ్యాపారం పాతదే. డి వోల్ఫ్ అనే కంపెనీ 1909లోనే మొదలైంది. అప్పట్లో మూకీ సినిమాలకి వాయించడానికి స్వరాల కాగితాలు అమ్మేది. తర్వాత రికార్డులొచ్చాయి. 1960ల నుంచి కేపీయం కంపెనీ పచ్చ అట్టల ఎల్పీలు స్టూడియోల అల్మరాల నిండా చేరాయి. ఈ రికార్డులు బజారు షాపుల్లో దొరికేవి కావు. టీవీ వాళ్లకీ, సినిమా వాళ్లకీ మాత్రమే పంపేవారు. ప్రతి ట్యూను పక్కనా ఎన్ని నిమిషాలు, ఎలాంటి సన్నివేశానికి పనికొస్తుంది అని రాసి ఉండేది. ప్రొడ్యూసరు వింటాడు, నచ్చిన బిట్టు తీసుకుంటాడు, రేటు ప్రకారం డబ్బు కడతాడు. పని ఖతం. స్వరకర్తకి తన ట్యూను ఏ ప్రోగ్రాంలో వచ్చిందో టీవీ చూసేదాకా తెలియకపోయినా ఆశ్చర్యం లేదు.

అందరూ విన్నవే, పేర్లే ఎవరికీ తెలీవు

కొన్ని ఉదాహరణలు చెబుతాను. ఇద్దరమ్మాయిలు, వంట నేర్చుకునే ఒక కుర్రాడు ఒకే ఫ్లాట్‌లో ఉండే 'మ్యాన్ అబౌట్ ద హౌస్' 1973 నుంచి 1976 దాకా థేమ్స్ టీవీలో వచ్చింది. దాని టైటిల్ ట్యూను డి వోల్ఫ్ అల్మరాలోంచి తీసిందే. పేరు 'అప్ టు డేట్'. కట్టింది జానీ హాక్స్‌వర్త్ అనే జాజ్ కళాకారుడు. టెడ్ హీత్ ఆర్కెస్ట్రాలో బేస్ వాయించిన మనిషి.

మాంటీ పైథాన్ బృందం సంగతి మరీ విచిత్రం. 1975లో వాళ్లు తీసిన 'హోలీ గ్రెయిల్' సినిమాలో గుర్రాలకి డబ్బుల్లేక కొబ్బరి చిప్పలు టకటకలాడిస్తూ రాజుగారిని పరిగెత్తించారు. నీల్ ఇన్నెస్ చేత సంగీతం కట్టించారు గాని, విన్నాక అది చాలదనిపించింది. పెద్ద చరిత్రాత్మక చిత్రాల్లో మోగే భారీ సంగీతం కావాలి. అంత ఆర్కెస్ట్రాకి డబ్బేదీ? డి వోల్ఫ్ అల్మరా తెరిచారు. పైన వీరరసం ఉప్పొంగే బాజాలు, కింద కొబ్బరి చిప్పలు... నవ్వు రాక ఏం చేస్తుంది! ఆ సంగీతం హాస్యం కోసం కట్టింది కాదు. సీరియస్‌గా కట్టింది. అందుకే అంత నవ్వొస్తుంది.

ఆ సినిమాలో వినిపించే 'హోమ్‌వర్డ్ బౌండ్' అనే ట్యూను జాక్ ట్రాంబీ అనే ఆయనది. ఇంగ్లీషు దొర అనుకున్నాను. కాదట! అసలు పేరు యాన్ స్టూకార్ట్, ఊరు ఆమ్‌స్టర్‌డామ్. పీటర్ మిల్రే, విల్లీ ఫౌస్ట్, జూలియస్ స్టెఫారో... ఇవన్నీ కూడా ఆయన పేర్లే! 'వాన్ డెర్ వాక్' అనే డిటెక్టివ్ సీరియల్‌కి వాడిన ఆయన ట్యూను 'ఐ లెవెల్', సైమన్ పార్క్ ఆర్కెస్ట్రా రికార్డుగా 1973లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయి కూర్చుంది. దేశమంతా ఈల వేసిన ట్యూను కట్టిన మనిషి అసలు పేరు ఎంతమందికి తెలుసంటారు?

అలాగని ప్రతి పాత ట్యూనూ లైబ్రరీదే అనుకుంటే మళ్లీ పప్పులో కాలేసినట్టే. మాంటీ పైథాన్ టీవీ షో టైటిల్ మ్యూజిక్ అమెరికా స్వరకర్త సూసా 1893లో కట్టిన 'లిబర్టీ బెల్' అనే బ్యాండు మార్చ్. బెన్నీ హిల్ పరుగుల వెనక మోగే 'యాకెటీ సాక్స్' అమెరికా శాక్సోఫోన్ విద్వాంసుడు బూట్స్ రాండాల్ఫ్ 1963లో హిట్ చేసిన రికార్డు.

పట్టుకోవడం ఎలా?

ఫోనులో పాట పేరు చెప్పే యాప్ ఉందిగా అంటారేమో. నేనూ పెట్టి చూశాను. ట్యూను మీద జనం నవ్వులు, నటుల మాటలు పడ్డాయంటే అదీ తెల్లమొహమే వేస్తుంది. పైగా అల్మరాలోంచి తీసిన ట్యూను ఒక్కచోటే ఉంటుందా? 'చికెన్ మ్యాన్' అనే ట్యూను 1978లో 'గ్రేంజ్ హిల్' అనే బడి పిల్లల సీరియల్‌కి టైటిల్ మ్యూజిక్ అయింది. మరుసటి ఏడే 'గివ్ అజ్ ఎ క్లూ' అనే ఆటల షోకీ అదే! రెండూ చూసినవాళ్లు ఎవరు ఎవర్ని కాపీ కొట్టారా అని జుట్టు పీక్కుని ఉంటారు.

అసలు ఆధారం కాగితం. టీవీలో ఏ సంగీతం వాడినా పేరు, స్వరకర్త, కంపెనీ, ఎన్ని సెకన్లు అని రాసి పెట్టాలి. ఆ లెక్క చూసే 1914లో పుట్టిన పీఆర్ఎస్ అనే సంఘం స్వరకర్తలకి డబ్బు పంచుతుంది. బీబీసీ వాళ్ల పాత కాగితాలు రీడింగ్ ఊరి పక్కన కావర్‌షమ్‌లో ఒక భవనంలో ఉన్నాయి. ఆ రోజుల్లో బీబీసీ ఎన్నో హాస్య కార్యక్రమాల టేపులు చెరిపేసి మళ్లీ వాడుకుంది. పీటర్ కుక్, డడ్లీ మూర్‌ల షో ఎపిసోడ్లు చాలా అలాగే పోయాయి. బొమ్మ పోయినా కాగితం మిగలొచ్చు! తెర మీద పడని పేరు ఫైల్లో దాక్కుని ఉంటుంది. దాన్ని చూసినవాళ్లు, పచ్చ అట్టల ఎల్పీలు పోగేసే అభిమానులు ఒక్కో ట్యూనుకీ పేరు కలుపుతూ వచ్చారు. వాళ్లు కలిపినవాటిలోనే నాకు కావలసింది దొరికింది.

దొరికాడు!

డేవ్ ఆలెన్ ట్యూను పేరు 'బ్లార్నీస్ స్టోన్డ్'. ఐర్లండులో బ్లార్నీ కోటలో ఒక రాయి ఉంది. దాన్ని ముద్దు పెట్టుకుంటే మాటకారితనం వస్తుందని నమ్మకం. స్టోన్డ్ అంటే మత్తెక్కినవాడు. మాటకారి, చేతిలో గ్లాసు... పేరు భలే కుదిరింది కదూ? కానీ ఆ ట్యూను డేవ్ ఆలెన్ కోసం పుట్టలేదు. 1969లో కేపీయం వాళ్లు రికార్డు చేసినప్పుడు దాని పేరు 'స్టూడియో 69'! పాత పేరుతో వెతికేవాడికి కొత్త పేరు దొరకదు, కొత్త పేరుతో వెతికేవాడికి పాత రికార్డు దొరకదు.

కట్టిన మనిషి అలన్ హాక్‌షా. పైన చెప్పిన 'చికెన్ మ్యాన్' కూడా ఆయనదే. 'కౌంట్‌డౌన్' షోలో 30 సెకన్ల గడియారపు సంగీతమూ ఆయనదే.

ఇంకో సంగతి. నేను తప్పుగా పేరు తగిలించిన హేజెల్‌హర్స్ట్ 2007లో చనిపోయినప్పుడు, ఎస్ క్లబ్ 7 బృందం పాడిన 'రీచ్' పాట ఆయనే కట్టారని బ్రిటన్‌లో పెద్ద పెద్ద పత్రికలే రాశాయి. ఎవరో ఆకతాయి వికీపీడియాలో ఎక్కించిన అబద్ధం అది! అది చదివి 'హమ్మయ్య, నాకు తోడున్నారు' అనుకున్నాను. మరుక్షణం సిగ్గేసింది. ఒకరి పేరు ఇంకొకరికి రాస్తే, మొదటివాడికి ఒరిగేదేమీ లేదు. రెండోవాడికి ఉన్న ఒక్క పేరూ పోతుంది.

డాక్టరుగారికి ఫోను చేశాను. "అలన్ హాక్‌షా అండీ" అన్నాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఫోనులోనే ఆ ట్యూను కూనిరాగం తీశారు. యాభై ఏళ్లయినా స్వరం తప్పలేదు.

"నైట్ డ్యూటీ దిగొచ్చి మెస్సులో ఇది వింటే ప్రాణం లేచొచ్చేది బాబూ. ఉన్నారా ఆయన?"

"లేరండీ. 2021లో పోయారు."

"అయ్యో... ఒక్క ఉత్తరం ముక్క రాసేవాణ్ణే. సరే, ఆ పేరు ఒకసారి మెల్లిగా చెప్పండి. రాసుకుంటాను."

చెప్పాను. ఒక్కొక్క అక్షరమే.